పక్క కొట్టు ఉల్లిపాయలు

మరదలు అరబ్బుల ఊళ్లో ఒక ఇంట్లో కొత్తగా వంటపనికి కుదిరింది. తెల్లవారితే ఒంటరిగా బజారుకు వెళ్లి, అరబీలో బేరమాడి కూరలు తేవాలి. ఏళ్లుగా అదే ఊళ్లో వంట చేస్తున్న వదిన మంచం మీద ఉల్లిపాయలు పోసుకుని, కొట్టువాడిలా కాళ్లు మడిచి కూర్చుంది.

“ఊఁ, అడుగు.”

“బసల్ బికమ్?”

“ఉల్లిపాయలెంత అన్నావు. బాగుంది. అషరా. అంటే పది.”

“ఘాలీ!”

“ఎక్కువా? పొద్దున దిగిన సరుకమ్మా ఇది! పట్టుకుని చూడు.”

“కొంచెం తగ్గించు వదినా. బేరం చేయడం రాకపోతే రేపే పనిలోంచి తీసేస్తానంది అమ్మగారు.”

“కొట్టు దగ్గర ఏడుపులు పనికిరావు. అషరా.”

“అయితే పక్క కొట్లో అడుగుతా.”

“పక్కనేముందే, గోడ!”

“బసల్ బికమ్? ఏంటీ, ఖమ్సా? షుక్రన్ బాబాయ్, షుక్రన్!”

“ఎవరికే ఆ దణ్ణాలు?”

“పక్క కొట్టు బాబాయికి. అయిదుకే ఇస్తాడట.”

“వాడివన్నీ కుళ్లిపోయినవి!”

“నిగనిగలాడుతున్నాయి వదినా.”

“పైన పేర్చినవి అలాగే ఉంటాయి. తూకంలో కొడతాడు, నీకు తెలీదు. ఇలా రా, నాలుగుకిస్తా.”

“అరబీలో చెప్పు.”

“అర్బా! అర్బా! సంచి పట్టు.”

“అమ్మయ్య, బేరం వచ్చేసింది నాకు! ఇక రేపు ధైర్యంగా వెళ్తా.”

“వెళ్దువుగాని. నేనూ వస్తున్నా.”

“ఎందుకు వదినా? వచ్చేసిందన్నాగా!”

“నీకోసం కాదే. ఆ పక్క కొట్టువాడెవడో చూడాలి.”