మడమతో వేసే గేరు

దక్షిణ న్యూజిలాండులో కొండ మీద ఒక గొర్రెల ఫారం. షెడ్డులో నాలుగు చక్రాల క్వాడ్‌బైకు దగ్గర కేలమ్, అతని చెల్లెలు షోనా.

“గేరు రాడ్డు ఇంకొంచెం దగ్గరికి జరుపు షోనా.”

“ఇంకానా! నీది పడవంత బూటు అన్నయ్యా. గేరు రాడ్డు కింద వేళ్లు కూడా పట్టవు.”

“పట్టకపోతే పోనీ. బండి బోల్తా పడ్డప్పట్నుంచీ వేళ్లతో పైకి లేపడమే కదా నా వల్ల కానిది. వెనకాల పట్టీ అతికిస్తానన్నావుగా?”

“అతికించా, చూడు. ముందు వేళ్లతో తొక్కితే గేరు తగ్గుతుంది, వెనక మడమతో తొక్కితే పెరుగుతుంది. పాదం ఎత్తే పనే లేదు. ఎక్కు.”

“నువ్వెక్కు.”

“కాలు నీది, నేనెక్కడమేంటి?”

“సలుపుతోందే. నీకు కుదిరిందో లేదో చూడు ముందు.”

“సరే... ఆఁ, హాయిగా ఉంది. ఫుట్‌రెస్టు కాస్త వెడల్పు చేస్తే పాదం జారదు.”

“చెయ్యి. నీకెంత కావాలంటే అంత చెయ్యి.”

“సాయంత్రానికల్లా అయిపోవాలి బాబూ. రేపు పొద్దున్నే నా బస్సు. సోమవారం ఓడల యార్డులో చేరకపోతే వెల్డరు పని ఇంకొకడికి ఇచ్చేస్తారు. ఎంతమంది మగాళ్లని తోసుకుని సంపాదించానో తెలుసా?”

“తెలుసు.”

“అంతేనా? సంతోషం అని ఒక్క ముక్క అనకూడదూ?”

“జెస్‌ని పిలువు ఓసారి.”

“ఇప్పుడు కుక్కెందుకు? అయినా అది నీ ఈలకి తప్ప కదలదుగా. నా ఈల చివర్లో వణుకుతుందని నువ్వే వెక్కిరించేవాడివి.”

“పిలవమంటున్నానుగా!”

“...అరె, వచ్చేసింది! కుడికి ఈలేస్తే కుడికే పోతోంది! ఏం మందు పెట్టావు దీనికి?”

“పాదం ఎలా ఉంది?”

“నాకే కొలత తీసినట్టుంది. నీకెలా ఉంటుందోననే నా భయం. ఒక్కసారి ఎక్కు, చూసి బిగించేస్తా.”

“అలాగే బిగించెయ్.”

“ఎక్కకుండానే? అన్నయ్యా... ఏంటలా చూస్తావు?”

“చీలమండ ఇంక వంగదట షోనా. ఎముకలు అతుక్కుపోయాయి. నువ్వెన్ని పట్టీలు పెట్టినా ఈ బండి నేను నడపలేను.”

“మరి నాతో ఇదంతా ఎందుకు చేయించావు?”

“గొర్రెలు ఈనే రోజులు దగ్గర పడ్డాయి. అన్నీ కొండ మీదే ఉన్నాయి.”

“మనిషిని పెట్టుకో!”

“ఎవడొస్తాడే ఇక్కడికి? నేను అడగని మనిషి లేడు.”

“నేను రేపు వెళ్తున్నా. వెళ్లి తీరతా. నన్నిక్కడ కట్టెయ్యకు, నీకు దణ్ణం పెడతా.”

“నాన్న పోయినప్పుడు నన్నెవరైనా అడిగారా? ఆ రోజు నుంచీ ఈ కొండ దిగలేదు నేను. నాకూ ఏడుపొచ్చేది.”

“అందుకని నాకూ అదే రాత రాస్తావా?”

“నేనేం ఆపడం లేదు. వెళ్తే వెళ్లు.”

“మరి జెస్ సంగతేంటి? నిజం చెప్పు. నా మాట ఎప్పట్నుంచి వింటోంది?”

“చలికాలమంతా నీలాగే, చివర్లో వణికిస్తూ ఈల వేశాను దానికి. ఇప్పుడు నా ఈలకి పలకదు.”