పెత్రమాస బియ్యం

కట్టంగూర్‌లో ముసలాయన మగ్గం ఆపలేదు, గడపలో నిలబడ్డ అమ్మాయిని లోపలికి రమ్మనలేదు.

“మా తాతమ్మ లక్ష్మీనర్సమ్మ మీ అమ్మనే, తాతా. ఆమె ముచ్చట్లు రాసుకుందామని వచ్చిన.”

“ఇంటి జాగల పాలు పంచుమని అడగనీకి వచ్చిన అని చెప్పు. నాకు రెండేండ్లున్నప్పుడే మా అమ్మ బాయిల పడి సచ్చింది.”

“సావలే. నార్కట్‌పల్లిల మళ్ల పెండ్లి చేసుకొని, ఆరేండ్ల కిందటి దాక బతికింది.”

“ఎవరు నేర్పిన్రు నీకు గీ మాటలు? ఏటా పెత్రమాసకు సచ్చిన పెద్దలకిచ్చే బియ్యం ఆమె పేరు మీద ఇస్తున్న. గదీ అబద్ధమేనా?”

“అది ఆమెకు ఎర్కే. పెత్రమాస నాడు పొయ్యి ముట్టియ్యకపోయేది. ‘కట్టంగూర్ల నా కొడుకు నాకు పెడ్తుండు, ఇంక వండుడెందుకు’ అనేది.”

మగ్గం ఆగింది.

“మరి ఆ దినమంత అమ్మ ఉపాసమే ఉండేదా, బిడ్డా?”