మిక్సర్ టాపూ, ముప్పయ్యేళ్ల ఫిట్టరూ

నవ్వకు బావా! ముందా నవ్వాపు. గాజువాకలో నాగబాబంటే పెద్ద ప్లంబరే, కాదన్నానా? గానీ నానూ స్టీలు ప్లాంటులో ముప్పయ్యేళ్ల ఫిట్టర్ని. ఈ సింహాద్రి సెయ్యేస్తే మనిషంత వాల్వయినా నోరు మూసుకోవలసిందే. అలాటోడికి బాత్రూం మిక్సర్ టాపొక లెక్కేటి?

"సుక్కలు పడతన్నాయి, మా అన్నయ్యకి ఫోన్ సెయ్యండి" అంది మీ సెల్లి రోజారమణి. నాకు పౌరుషం రాదేటి? పానా పట్టుకుని దిగిపోనాను.

ఏటీ? నీల్లొచ్చే మెయిన్ వాల్వు కట్టలేదా అంటావా? అదే బావా, అదే! ప్లాంటులో లైను కట్టకుండా బోల్టు ముట్టుకున్నోడిని నానే తిట్టి పంపిస్తాను. ఇంట్లో మర్సిపోనాను. హ్యాండిల్ ఇప్పి లోపలి ముక్క కదిపేసరికి నీల్లు సీలింగుకి తగిలాయి! ట్యాంకు కాడ వాల్వు కట్టడానికి తడి లుంగీతో మేడ మీదకి పరుగు. ఎదురింటి ఆరోగ్యమ్మగారు సూసీసి తలుపేసీసుకుంది.

ఎలాగో రబ్బరొకటి మార్చి బిగించాను. ముందు సుక్కలే, ఇప్పుడు దార! బకెట్టు పెట్టీసి పడుకున్నాను.

మర్నాడు డ్యూటీ నించి వచ్చీసరికి సుక్క లేదు! "రబ్బరు సర్దుకోడానికి టైం పడతాది" అని మీ సెల్లికి క్లాసు కూడా పీకాను. ఆవిడ "ఊఁ... ఊఁ" అంటూ పప్పులో పోపేసింది. ఊరుకోవచ్చు కదా? ఆరోగ్యమ్మగారి కాడ గొప్పలు సెప్పాను. "అయితే మా టాపు కూడా సూడు బాబూ" అంది.

ఎల్లాను. టార్చి పడతానని మీ సెల్లి ఎనకాలే వచ్చింది. నాను పానా వెయ్యబోతుంటే సెవిలో మెల్లిగా, "ముందు మెయిన్ కట్టండి. మార్చాల్సింది రబ్బరు కాదు, లోపలి ముక్క. మనింట్లో నానే మార్చాను" అంది.

మరేటి సేస్తాను? పానా ఆవిడకిచ్చీసి టార్చి నాను పుచ్చుకున్నాను. కొత్త ముక్క తెప్పించి, పది నిమిషాల్లో బాగు సేసీసింది.

ఏటేటీ... నువ్వే నేర్పావా? పాత ముక్క పట్టుకుని నీ కాడికే వచ్చిందా? నాకు సెప్పొద్దని ఒట్టు కూడా ఏయించుకుందా? ఓరి బావా!

కోపమా? కాదు. ఇన్నేల్లూ "నీకేటి తెల్సు" అని ప్లగ్గు కూడా ముట్టుకోనివ్వలేదు దాన్ని. వచ్చే నెల నా రిటైర్మెంటు. ప్లాంటులో పోస్టు ఎలాగూ పోతాది, ఇంట్లోనైనా ఫిట్టర్ననిపించుకుందామనుకున్నాను.

ఆ పోస్టు కూడా భర్తీ అయిపోనాది, బావా.