నలభై ఒకటో పేజీ

క్లినిక్ వెనక గది. కంప్యూటర్ ముందు ఫిజియోథెరపిస్టు అక్క. పేషెంట్ల బల్ల మీద, ఒళ్లో ల్యాప్‌టాప్‌తో తమ్ముడు.

"మళ్లీ నొక్కావా?"

"నొక్కాను."

"ఏమంటోంది?"

"ఏమంటుంది, అదే పాట. 'మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది.' ఆరు వారాలుగా పరిశీలిస్తున్నారు మహానుభావులు. ఈపాటికి విరిగిన ఎముక కూడా అతుక్కునేది."

"ఫోన్ చేసి అడగొచ్చుగా అక్కా?"

"ఎవరికిరా? నెట్ సెర్చ్‌లో ఏది వెతికినా దొరుకుతుంది, ఆ సెర్చ్ నడిపేవాళ్ల ఫోన్ నంబరు తప్ప. ఫారం నింపేటప్పుడు నేను మనిషినేనని రుజువు చేసుకోమన్నారు. తొమ్మిది బొమ్మల్లో సైకిళ్లెక్కడున్నాయో చూపించాను. రెండేళ్లు కూర్చుని పుస్తకం రాసినదాన్ని నేను సైకిళ్లు ఏరుకోవాలి, దాన్ని ఎత్తుకెళ్లి నెట్‌లో పెట్టినవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగరు!"

"ఏడాది నుంచీ ఉందిగా అది నెట్‌లో? అప్పుడు నవ్వావు కూడా. 'నా పుస్తకానికీ దొంగలున్నారు చూడండి' అని అందరికీ చూపించావు."

"అప్పుడు లోపల తిరగెయ్యలేదు."

"తిరగేస్తే ఏముంది?"

"ఏముంటుంది? నా పుస్తకమే. నువ్వు కాఫీ తాగుతావా?"

"వద్దు. ఒక్క నిమిషం... 'మోకాలి ఆపరేషన్ తర్వాత వ్యాయామాలు'... ఇదిగో, వెతికితే మొదట వచ్చింది దొంగదే. రెండోది నీ పుస్తకం అమ్మే పేజీ."

"తెరవకు. తెరిచినకొద్దీ అది పైకెక్కుతుంది."

"ఇంకెక్కడికెక్కుతుంది, పైనే ఉంటే! అబ్బో, ఫోనుతో తీసినట్టున్నారు. ఎవరిదో బొటనవేలు కూడా పడింది."

"చాల్లే, మూసెయ్. అమ్మని తీసుకొస్తానన్నావు?"

"రానంది. నీ క్లినిక్ మెట్లు ఎక్కలేదుగా. ఆపరేషన్ అయి ఏడాదిన్నర, ఇంకా కర్ర వదల్లేదు."

"ఆ సర్జన్ చెయ్యి బాగాలేదు. అమ్మే చెప్పింది కదా."

"అదే నాకు వింత. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల తప్పులు దిద్దింది గానీ, ఇంకొకళ్ల మీద నేరం మోపడం నేనెప్పుడూ... ఆగు. ఇదేంటక్కా?"

"ఏది?"

"నలభై ఒకటో పేజీ. ఎర్రగా ఏదో రాసుంది."

"ఎవరో పిచ్చిగీతలు గీసుంటారు."

"గీతలు కాదు, దిద్దారు. 'బరువు కట్టుకుని మోకాలు వంచడం, మొదటి వారం నుంచి' అని నువ్వు రాశావు. 'మొదటి' కొట్టేసి 'ఆరో' అని పెట్టారు. కింద ఇంకో ముక్క ఉంది. 'మొదటి వారం చేయకండి. నేను చేసి అనుభవిస్తున్నాను.' అక్కా, నిజమేనా ఇది?"

"పట్టికలో రెండు వరసలు తారుమారయ్యాయి."

"అచ్చువాళ్ల తప్పా?"

"కాఫీ పెడతానుండు."

"అక్కా."

"ప్రూఫు నేనే చూశాను. నాదే. చాలా?"

"ఎప్పుడు తెలిసింది?"

"ఆరు వారాలైంది."

"ఆరు వారాలా? అంటే ఫిర్యాదు పెట్టిన..."

"ఆ రోజే. ఇది చూసే తెలిసింది, చూసే పెట్టాను."

"మరి తప్పొప్పుల చీటీ వెయ్యొచ్చుగా! నాలుగు అంగుళాల కాగితం ముక్క. అదిగో, ఆ మూల కట్టలు కట్టలుగా ఉన్నాయి పుస్తకాలు. ఇద్దరం కూర్చుంటే ఒక్క పూటలో అతికించేస్తాం."

"అతికిస్తే? ఆసుపత్రిలో ఇంటికి పంపేటప్పుడు నా పుస్తకమే చేతిలో పెడుతున్నారు. ఇప్పటికే ఎన్ని మోకాళ్లు మొదటి వారంలోనే వంగాయో! వాళ్లందరూ వచ్చి ఈ గుమ్మంలో నిలబడితే ఏం చెప్పను? రెండో ముద్రణలో దిద్దుకుంటాను. చప్పుడు చెయ్యకుండా."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా ఆ దొంగ కాపీ ఎవరి కంటా పడకూడదు."

"సరిగ్గా ఉన్న కాపీ అదొక్కటే కదక్కా!"

"తెలుసు."

"పైగా ఫారంలో దొంగతనం అని రాశావు."

"దొంగతనమేగా! నన్ను అడిగి పెట్టారా? నీతులు చెప్పకురా, ఆరు వారాలుగా నాకు నిద్ర లేదు. ఉండు... ఉండు, మెయిలొచ్చింది."

"వాళ్లేనా?"

"'మీ ఫిర్యాదును ఆమోదించాం. ఆ పేజీ ఇకపై సెర్చ్‌లో కనిపించదు.' తీసేశారురా! వెతుకు, మళ్లీ వెతుకు."

"వెతుకుతున్నా... లేదు. పోయింది. ఇప్పుడు మొదట వచ్చేది నీ పేజీయే. 'కొనండి' అన్న బటన్‌తో సహా."

"హమ్మయ్య."

"హమ్మయ్యా? మొదటి వారం అనే ఉంది కదక్కా అందులో!"

"ఇక వదిలెయ్."

"నేను ఇందాక తెరిచింది ఇంకా ఇక్కడే ఉంది. దిద్దిన చోట కింద తేదీ కూడా వేశారు."

"మూసెయ్యమన్నానా!"

"ఎర్ర రీఫిల్. దిద్దుబాటు కింద తేదీ. మన నోటుబుక్కుల్లో కూడా ఇలాగే... అక్కా, ఈ తేదీ, అమ్మ ఆపరేషన్ అయిన ఇరవయ్యో రోజు. తన పుస్తకం పక్కింటావిడకి ఇచ్చానంది అమ్మ. ఆవిడకీ మోకాలేగా. ఆవిడ ఇంకెవరికిచ్చిందో, వాళ్లు ఫొటోలు తీసి... అక్కా, ఇది అమ్మ చేతిరాత. సర్జన్ని అన్నది నీ తప్పు దాచడానికే. నువ్వు గుర్తుపట్టలేదా?"

"పట్టాను. ఎవరో పేషెంటు రాతయితే ఆ రోజే చీటీ అతికించేదాన్నిరా."