ఆదెయ్య దిద్దిన ఇంగ్లీషు

"నేను గొప్పలు చెప్పేవాణ్ణి కాదు. జరిగింది జరిగినట్టు చెబుతా. నమ్మితే నమ్మండి, లేకపోతే టీ తాగేసి లేవండి," అని మొదలుపెట్టాడు ఆదెయ్య.

లేచి ఎక్కడికి పోతాం? కోల్డ్ స్టోరేజీ గేటు మూసేశారు. మిర్చి కుక్కి కుట్టిన టిక్కీ బస్తాలతో మా ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా ఆగిపోయాయి. మబ్బు పట్టిందని లోడ్ల మీద టార్పాలిన్ పట్టాలు కప్పి, మోకులు బిగించి, ఎదురుగా మాబూబీ టీ బంకులో కూచున్నాం, నేనూ, మా ఊరి ప్రేమ్‌చందూ, వెంకటరావమ్మ పిన్నీ. ఆదెయ్యది పక్క ఊరు. అతనికి మేం దొరికాం.

"తొంభై ఎనిమిదిలో నేను గుంటూరులో ఒక ఎగుమతి కంపెనీలో గుమస్తాని. ఓ రోజు సింగపూర్ నుంచి ఫ్యాక్స్ వచ్చింది, సరుకు 'బై ఫ్రైడే' మద్రాసు రేవుకి చేరాలని. మా మేనేజరు బీఏ ప్యాసైనవాడే, శుక్రవారం నాడు పంపిద్దాంలే అని కాళ్ళు చాపాడు. నేను చూశా. 'అయ్యా, నాడు అనాలంటే ఆన్ ఫ్రైడే అని రాసేవాళ్ళు. బై అన్నారంటే శుక్రవారానికల్లా' అన్నా. బుధవారమే లారీలు కట్టించా. ఆఖరి టిక్కీ ఎక్కీ ఎక్కకముందే ఓడ కూత పెట్టింది."

"ఇందులో అంత గొప్పేముంది బాబాయ్?" అన్నాడు ప్రేమ్‌చంద్.

"గొప్పని నేనన్నానా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓడ కెప్టెన్, ఇంత పొడుగు దొర, రసీదు మీద మా సరుకు 'ఆన్ ద షిప్' అని రాశాడు. ఒప్పుకోనన్నా. ఆన్ అంటే పైన, పైన పెడితే తడిసి మా కాయ బూజు పట్టదూ? ఇన్ అంటే లోపల. ఇన్ అని రాస్తావా, దించేస్తావా అన్నా. దొర నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. నెత్తి మీద టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు. 'ముప్పై ఏళ్ళ నుంచి సముద్రంలో ఉన్నానో సముద్రం మీద ఉన్నానో తెలీకుండా బతికేశాను సార్' అని వెక్కి వెక్కి ఏడ్చాడు."

"టోపీ ఏదీ మరి?" గ్లాసులు కడుగుతూ అడిగింది మాబూబీ.

"ఇంట్లోనే ఉంది. దాంట్లో మా కోడి పొదుగుతోంది, చెయ్యి పెడితే పొడుస్తది. అదట్లా ఉంచు. ఆ దొర ఊరుకున్నాడా? లండన్‌లో డిక్షనరీలు తయారుచేసే ఆఫీసుకి చెప్పేశాడు. పెదకాకాని ఎస్టీడీ బూతుకి ఫోను! మూడు రోజులు మాట్లాడాం, రిసీవరు పెట్టలేదు, అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నా. 'అయ్యా, పొద్దున ఇన్ ద మార్నింగ్ అంటున్నాం, సాయంత్రమూ ఇన్నే, రాత్రయ్యేసరికి ఎట్ నైట్ అంటున్నాం, ఎందుకంటున్నామో మా తాతలకి కూడా తెలీదు, మీరే చెప్పాలండీ' అన్నారు. 'ఓస్ అదెంత! పొద్దున వెలుతురుంటది, లోపలికి పోవచ్చు, అందుకని ఇన్. రాత్రి చీకటి, లోపల పామున్నా తేలున్నా కనపడదు, గుమ్మం దగ్గరే ఆగాలి, అందుకని ఎట్' అన్నా. అవతల చప్పట్లే చప్పట్లు."

"వాళ్ళకి తెలుగెట్లా అర్థమైందయ్యా?" అన్నాన్నేను.

"అర్థమయ్యేట్టు గట్టిగా చెప్పా. దాంతో అక్కడ పాత పుస్తకాలన్నీ రద్దు. కొత్తవి అచ్చయ్యేదాకా ఆ దేశంలో ఒక్కడు నోరు విప్పితే ఒట్టు, ఏ మాట పెడితే ఏం తప్పోనని. రైళ్ళు ఎక్కడివక్కడ నిలబడ్డాయి. ఆన్ టైమా, ఇన్ టైమా అని డ్రైవర్లకీ గార్డులకీ గొడవ. 'చెప్పిన నిమిషానికి రైలొస్తే ఆన్ టైము, రైలు పోకముందే నువ్వెక్కితే ఇన్ టైము, పోనివ్వండహే!' అని అరిచా. అన్ని రైళ్ళూ ఒక్కసారే కదిలాయి. ఆ చప్పుడు మనూళ్ళదాకా వినపడింది."

"మాకు వినపడలేదే!"

"ఆరోజు మీరు పత్తికి మందు కొడుతున్నారు, పంపు మోతలో ఏం వినపడుద్ది? ఇక నన్ను తీసుకుపోవడానికి విమానం పంపారు. దిగడానికి చోటేదీ? చేను నిండా మిరప కాపు మీదుంది. పైన గిరగిరా తిరుగుతోంది. పైలట్ కిటికీలోంచి తల బయటపెట్టి, 'సార్, నేనిప్పుడు మీ చేనుకి ఓవరా, ఎబవా?' అన్నాడు. 'ఇటు నుంచి అటు దాటితే ఓవరు, ఉన్నచోట ఉంటే ఎబవు' అన్నా. 'ఇప్పుడేమిటి సార్?' అన్నాడు. 'ఎబవ్!' అన్నా. అంతే, ఆగిపోయింది."

"గాల్లోనా?"

"నేను ఎబవ్ అన్నాక కదిలితే తప్పైపోదూ? గంటసేపు కదల్లేదు. ఆ నీడలో మా కూలీలు అన్నాలు తిన్నారు."

ఇంతలో గేటు కాపలా సిలార్ బయటికొచ్చి, తలుపుకి ఒక కాగితం అంటించి, మళ్ళీ లోపలికి పోయాడు. అందరం పరిగెత్తాం. ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. మాకెవరికీ రాదు. ఆదెయ్య నింపాదిగా వచ్చి, జనాన్ని పక్కకి జరిపి, పైకి చదివాడు.

"గేట్ ఓపెన్స్ ఇన్ టూ అవర్స్. విన్నారుగా? ఇన్ అంటే లోపల. రెండు గంటల లోపల తీస్తారు. అంటే ఈ నిమిషమైనా తీయొచ్చు! ముందు పట్టా విప్పినవాడి సరుకే ముందు దిగుద్ది. కానివ్వండి!"

ప్రేమ్‌చంద్ ఒక్క దూకులో లోడెక్కి మోకు విప్పేశాడు. నేనూ నా ట్రాక్టరు దగ్గరికి పరిగెత్తా. పట్టా సగం తీశామో లేదో, నా చేతి మీద టప్పున ఒక చినుకు పడింది. తర్వాత ఇంకోటి. ఏడాది కష్టమంతా ఆ టిక్కీల్లోనే ఉంది.

వెంకటరావమ్మ పిన్ని మాత్రం తన ట్రాక్టరు వైపు పోలేదు. గేటు దగ్గరికి వెళ్ళి దబదబా బాదింది.

"ఒరే సిలారూ! ఈ కాగితంలో ఏముందో తెలుగులో చెప్పరా."

సిలార్ సందులోంచి తొంగి చూశాడు. "రెండు గంటలయ్యాక తీస్తామని పెద్దమ్మా. లోపల నిండిపోయింది, సర్దుతున్నారు. అప్పటిదాకా తీసేది లేదు."

"ఒరేయ్, కప్పండ్రా!" అని కేకేసింది పిన్ని.

ఎవరి పట్టా ఎవరు లాగారో తెలీదు. ఆదెయ్య కూడా పరిగెత్తుకొచ్చి ప్రేమ్‌చంద్ మోకు కొస పట్టుకుని, చేతులు కమిలేలా బిగించాడు. వాన ఊపందుకునేసరికి అన్ని లోడ్లూ కప్పేశాం. బంకు చూరు కింద నిలబడి ఒగరుస్తుంటే, ఆదెయ్య గొంతు సవరించుకున్నాడు.

"అసలు ఈ తప్పు నాది కాదు, టైపు కొట్టినోడిది..."

పిన్ని కొంగుతో తల తుడుచుకుంటూ, "అట్నే కానీయ్ గానీ ఆదెయ్యా, ముందు ఆ లండన్‌కి ఫోను చేసి దిద్దుకోమని చెప్పు నాయనా," అంది. "పాపం, దేశం దేశమంతా నీ మాట నమ్ముకునుంది."