భీమారావు పుట్టినరోజు

మిల్టన్‌లో సిగ్నల్ దగ్గర కారు ఆగింది. టొరంటో ఎఫ్ఎంలో తను పాడిన రెగే పాట వినపడేసరికి అల్లుడి కళ్లు చెమర్చాయి.

“ఇదంతా మన తెలుగు రేడియో చలవే, అత్తయ్యా. ప్రతి శనివారం ఈ పాట వేశారు. పొద్దున అక్కడి అనౌన్సర్‌కి ఫోన్ చేసి థాంక్స్ చెప్పా.”

“మంచి పని చేశావు.”

“తనకి కాదట. పుట్టినరోజులకి ఈ పాటే వెయ్యమని వారం వారం ఫోన్ చేసే ఆవిడకి చెప్పమన్నాడు ఆ అనౌన్సర్. ఒకసారి జానకమ్మకట, ఒకసారి భీమారావుకట.”

“ఎవరో పాపం.”

“భీమారావు మీ తమ్ముడు కదా? ఆయన పుట్టినరోజు నెలనెలా వస్తోందట.”

అత్తగారు కిటికీ అద్దం మీది ఆవిరి చేత్తో తుడిచింది.

“చాలా థాంక్స్, అత్తయ్యా. మరి ఇంట్లో పాడితే ఆపమంటారెందుకు?”

“ఇంట్లో పొద్దస్తమానం ఒకే లైను పాడతావు, బాబూ. రేడియోలో అయితే పాట మొత్తం వినొచ్చు.”