తీగలో గరగర

"అంతా ఆ పకడ్బందీ సారు చేసిన నిర్వాకమే, తమ్ముడూ. వాడి నోట మన్ను పడ!"

సరిహద్దుకు ఇవతల ఒక చిన్న గది, అవతల ఒక చిన్న గది. నడుమ ముళ్లకంచె కింద నుంచి పోయే ఒకే ఒక్క ఫోను తీగ. గొడవ ముదిరిన రోజున రెండు దేశాల పెద్దలు మాట్లాడుకోవడానికి వేసిన తీగ అది. మిగతా రోజుల్లో అది బతికే ఉందా అని పొద్దున్నే చూసుకోవడానికి అటొకణ్ణి, ఇటొకణ్ణి కూర్చోబెట్టారు. ఏళ్లు గడిచినా ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. ఇవతలివాడు వయసులో పెద్ద, ఐదో తరగతితో బడికి దండం పెట్టినవాడు. ఆ ఉదయం అతనికి రిసీవరు కింద పెట్టబుద్ధి కాలేదు.

"ఎవరన్నా ఆ పకడ్బందీ సారు?"

"మా పెద్దాఫీసరు. ఏం చేసినా పకడ్బందీగా ఉండాలంటాడు. టీ గ్లాసు మీద మూత కూడా పకడ్బందీగా పెట్టాలి వాడికి. శాంతి ఒప్పందంలో ఈ ముక్క ఇరికించింది వాడే. మనుషులొద్దట, తీగొద్దట, మిషను పెడతారట. పొద్దున్నే ఇక్కడ మిషను కుయ్ మంటుందట, అక్కడ మీ మిషను కయ్ మంటుందట. ఇంకేం, శాంతి వచ్చేసినట్టే!"

"మాకూ అదే చెప్పారన్నా. మధ్యాహ్నం వచ్చి తీగ విప్పుతారంట."

"ఇక్కడ అప్పుడే దిగబడ్డాడు మిషనువాడు. బయట బెంచీ మీద కూర్చోబెట్టా. తీగలో గరగర వస్తోంది, సరిచేసి పిలుస్తా అన్నా."

"అన్నా... ఆ మాటే..."

"ఏ మాట?"

"ఏం లేదులే."

"నసగొద్దు. ఏ మాట?"

"గరగర. రూలు ప్రకారం మనం మాట్లాడాల్సిందేంటి? వినబడుతోందా అంటే వినబడుతోంది. అంతే కదా. మనమేమో రోజూ అరగంట కబుర్లాడి, ఇంతసేపు ఎందుకయ్యా అని అడిగితే, తీగలో గరగర, సరిచేసుకుంటున్నాం అంటూ వచ్చాం."

"అనకపోతే ఉద్యోగాలు ఉండేవా?"

"పెద్దలు కూర్చున్నారు కదా ఆమధ్య, రెండువైపులవాళ్లూ. ఫోను సంగతి రాగానే మీవాళ్లు గరగర అన్నారంట. మావాళ్లూ గరగరే అన్నారంట. అన్ని రోజుల చర్చల్లో అందరూ ఒకే మాట మీదికొచ్చింది దాని దగ్గరేనంట. తీగ చెడిపోయింది, పీకెయ్యండి అన్నారంట."

"ఏమన్నావు?"

"అన్నా? వినబడుతోందా?"

"వినబడుతోంది."

"మన వేలితో మన కన్నే పొడుచుకున్నాం. మీ సారేం చేస్తాడు పాపం."

"వాడికి పాపమేంటి! ఒక్కసారి వచ్చి చెవి పెట్టి వినొచ్చుగా, గరగర ఉందో లేదో? వినడు. వినడమంటే వాడికి ఒళ్లుమంట. మాటలతోనే శాంతి అని గోడల నిండా రాయించాడు. మాట్లాడేవాళ్లని మాత్రం ఇంటికి తోలేశాడు."

"నవ్వించకన్నా."

"ఏడవలేక నవ్వు. మీవైపు పొగ లేచిన రోజు గుర్తుందా?"

"మర్చిపోతానా? మా మావ ఎండుగడ్డి తగలబెడితే గాలి తిరిగి పొగంతా మీ మీదికొచ్చింది. దాడి అనుకుని మీవాళ్లు తుపాకులెత్తారు. అది చూసి మావాళ్లూ..."

"ఏమిటయ్యా ఆ పొగ అని నేనడిగా. 'గడ్డే అన్నా, ఒట్టు' అన్నావు. నమ్మా. ఎందుకు నమ్మానో తెలుసా?"

"ఒట్టు పెట్టాను కాబట్టి."

"నీ ఒట్టెవడిక్కావాలి! నువ్వు దగ్గుతున్నావు. పొలం పొగకి వచ్చే దగ్గు నాకు తెలుసు, దాన్లోనే పుట్టి పెరిగా. అది విని చెప్పుల్లేకుండా పరిగెత్తి చెప్పా, దించండయ్యా అని. మిషను దగ్గుతుందా?"

"దగ్గదు."

"నీ పెళ్లి కుదిరిందని ముందు ఎవరికి చెప్పావు?"

"నీకే. అమ్మకన్నా ముందు."

"అది తప్పిపోయిందని?"

"అదీ నీకే. అమ్మకి చెప్పడానికి వారం పట్టింది... ఇప్పుడదంతా ఎందుకన్నా? నిన్నెక్కడ వేశారు?"

"స్టోరులో. దుప్పట్లు మడతపెట్టాలి. దుప్పట్లతో ఏం మాట్లాడను?"

"ఇంట్లో వదిన..."

"వదిన లేదు. వాళ్లక్క దగ్గరికి పోయింది. అది పోయి చాలా కాలమైంది, నీకు చెప్పలేదంతే."

"మరి మొన్న వదిన చేసిందని చెప్పిన కూరలు?"

"నేనే వండా. ఉప్పెక్కువైందని నన్ను నేనే తిట్టుకున్నా కూడా. నాతో ఒక్క మాట తిన్నగా మాట్లాడవు అని పోయింది మీ వదిన. నీతో ఎప్పుడైనా తిక్కగా మాట్లాడానా?"

"రోజూ."

"పోరా. ఇప్పుడు మా ఇంట్లో చప్పుడు చేసేది కుళాయి ఒక్కటే. అదీ కారుతూ. బాగుచేయించడానికి మనసొప్పడం లేదు."

"నాకు మాత్రం ఎవరున్నారన్నా? ఈ గదిలో నేనూ, గోడ మీద బల్లీ. అయినా ఇంత దిగులు దేనికి? మాటల హాలు కట్టబోతున్నారుగా, సరిగ్గా గీత మీద. సగం మీ నేల, సగం మా నేల. పేరిస్తే మామూలు జనాన్ని కూడా నెలకోసారి ఎదురెదురుగా కూర్చోనిస్తారంట."

"మామూలు జనాన్నేనా? నాలాంటి వాణ్ణి కూడా?"

"ఎవర్నయినా. మా ఆఫీసు గోడకి కాగితం అంటించారు."

"నీ కళ్లతో చూశావా? ఎవరో అంటే విన్నావా?"

"చూశానన్నా. ఏంటట్లా నిలదీస్తావు?"

"ఊరికే. నువ్వు పేరిస్తావా మరి?"

"ఎప్పుడో ఇచ్చా. నువ్వు?"

"చూద్దాం."

"చూద్దామేంటి! ఆ హాలు దక్కడమే గొప్ప. మావైపు సర్కారు బీడు, తేలిగ్గా ఇచ్చేశారు. మీవైపు ఎవడో మొండోడు ధర చాలదని కోర్టుకెక్కి కూర్చున్నాడు. శాంతికి అడ్డం పడ్డ శనిగాడు అని మావాళ్లు తిట్టని తిట్టు లేదు."

"తిట్టరూ మరి! బీడు దానం చేసిన కర్ణులు."

"వాడి మీద కోపం లేదా నీకు?"

"నా కోపం ఎవడిక్కావాలి? తర్వాతేమైంది, చెప్పు."

"ఏముంది, ఇన్నేళ్లు దిగిరానోడు పోయిన వారం ఉన్నట్టుండి కేసు వాపసు తీసుకున్నాడంట. ఒక్క రూపాయి పెంచమనలేదంట. సంతకం పెట్టి, కలం అక్కడ పడేసి పోయాడంట."

"ఎప్పుడట?"

"మన తీగ పీకేస్తారని కబురొచ్చింది చూడు, దాని మర్నాడే."

"ఊఁ."

"ఎవరైనా బెదిరించారంటావా?"

"బెదిరిస్తే లొంగే సరుకు కాదు."

"నీకు తెలుసా అతను?"

"తెలుసు. ఒంటికాయ శొంఠికొమ్ము. ఎదురొస్తే జనం పక్క సందులోకి తిరిగిపోతారు."

"అలాంటోడికి మాటల హాలు దేనికన్నా? వాడితో కూర్చుని మాట్లాడేదెవరు?"

"ఉంటాడులే, ఎవడో ఒకడు."

"బాగా ఉన్న ఆసామేమో. దండిగా ఉండుంటుంది, పోతే పోయిందిలే అనుకున్నాడు. అసలెంతన్నా ఆ నేల?"

"మిషనువాడు తలుపు బాదుతున్నాడు, తమ్ముడూ."

"అది చెప్పి పెట్టెయ్. ఎంత?"

"ఎకరా అరవై రెండు సెంట్లు. నాకున్నదంతా అదే."